వడ్డీ గడిలో నాలుగు గీతలు

ఈ కేసు గురించి రాయనా అని ఆమెను అడిగాను. "నాలాంటోళ్లు ఇంకా ఉంటారు కదా అక్కా, రాయండి" అంది. ఊరు ఒడిశా గంజాం జిల్లాలోని బరంపురమే. మిగతావన్నీ, అంటే వయసు, పిల్లలు, అప్పు లెక్క, నెలలు, ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను. రాసినదంతా ఆమెకు చదివి వినిపించాను. రెండు చోట్ల వద్దంది, తీసేశాను.

నేను ఆడవాళ్ల కౌన్సెలింగ్ కేంద్రంలో పనిచేస్తాను. చదివింది ఫిలాసఫీ. నీతి సిద్ధాంతాలు పరీక్షకి చదివినప్పుడు ఒక్కోటి ఒక్కో చాప్టర్. టేబుల్‌కి అవతల మనిషి కూర్చున్నప్పుడు అవి ఆ వరసలో రావు. మనం ఏది ముందు అడిగామన్నదాన్ని బట్టి ఆ మనిషి నోరు విప్పుతుంది, లేదంటే మూసుకుంటుంది. ఈ కేసులో నేను రెండుసార్లు వరస తప్పాను. అది చెప్పాలనే రాస్తున్నాను.

ఆమెకు 33 ఏళ్లు. పట్టు నేసే ఇల్లు. ఇక్కడ తెలుగు మాట్లాడే నేతవాళ్లు తరాలుగా ఉన్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమయ్యేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది కాబట్టి ఇళ్లల్లో తెలుగు, బజార్లో ఒడియా, ఇప్పటికీ అంతే. మగ్గం మీద గడవక ఆమె భర్త ఆరేళ్ల కిందట సూరత్ పవర్‌లూమ్‌లో చేరాడు. గంజాం నుంచి సూరత్ వెళ్లని వీధి లేదు. 12 గంటల షిఫ్టులు. ఒక షిఫ్టువాళ్లు లేస్తే అదే చాప మీద ఇంకో షిఫ్టువాళ్లు పడుకునే మెస్సులు. ఏడాదికోసారి వస్తాడు. ఆమె ఇంట్లో అత్తను, ఇద్దరు పిల్లలను చూసుకుంటూ కండెలు చుట్టి ఇస్తుంది.

అత్తకు ఆపరేషన్ అయినప్పుడు వీధిలో వడ్డీకిచ్చే ఒకతని దగ్గర 40,000 తీసుకుంది. నూటికి నెలకి ఐదు రూపాయలు, అంటే నెలకి 2,000 వడ్డీయే. వసూలుకి అతను ఇంటికే వచ్చేవాడు. కొన్నాళ్లకు వాళ్లిద్దరి మధ్య సంబంధం మొదలైంది, నాలుగైదు నెలలు నడిచింది, ఆమే ఆపేసింది. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ ఏడాది ఠాకురాణి యాత్ర ఉంది. రెండేళ్లకోసారి చైత్రంలో వచ్చే యాత్ర. అమ్మవారు ఈ నేతవాళ్ల ఇంటి ఆడబిడ్డగా పుట్టింటికి వస్తుంది. సూరత్‌లో ఉన్న మగవాళ్లు సెలవు దొరికినా దొరక్కపోయినా దిగిపోతారు.

"మా ఇంటాయన యాత్రకి వస్తన్నాడు అక్కా. తప్పు చేశాను. చెప్పాలా, వద్దా?"

ఇంతే ఆమె తెచ్చిన ప్రశ్న.

మన భాషలో ఆడది "తప్పు చేసింది" అంటే ఏం తప్పని ఎవరూ అడగరు. అబద్ధమాడినా, అప్పు ఎగ్గొట్టినా తప్పే, కానీ వాటికి పేరు చెప్పాలి. దీనికి చెప్పక్కర్లేదు. శీలం అన్న మాట కూడా అలాగే కుంచించుకుపోయింది. శీలమంటే నడవడిక. మగవాడి విషయంలో నిజాయితీ, మాట మీద నిలబడటం అన్నీ అందులో చేరతాయి. ఆడదాని దగ్గరికి వచ్చేసరికి ఒళ్లొక్కటే మిగులుతుంది. ఆమె ఆ ఒక్క కొలతతో తనను తాను కొలుచుకుని, తీర్పు కూడా ఇచ్చుకుని వచ్చింది. మిగిలింది శిక్ష ఎప్పుడు పడాలన్న ప్రశ్నే.

నా మొదటి పొరపాటు ఇక్కడ జరిగింది. ఆ తీర్పును పక్కన పెట్టించాలన్న ఆత్రంలో ఫలితాల లెక్కకి దిగాను. కాగితం మధ్యలో గీత గీసి, చెబితే ఏమవుతుంది, చెప్పకపోతే ఏమవుతుంది అని రెండు వైపులా రాయించాను. చెబితే: కొట్టచ్చు, వదిలేయచ్చు, పిల్లల్ని లాక్కోవచ్చు, వీధంతా తెలుస్తుంది. చెప్పకపోతే: ఆమెకు లోపల బాధ. లెక్క తేలిపోయింది. చెప్పొద్దు.

ఈ లెక్క సిద్ధాంతాన్ని నేను చిన్నచూపు చూడను. లైంగిక నీతి విషయంలో దాని చరిత్ర గొప్పది. మగవాళ్ల మధ్య సంబంధానికి ఇంగ్లండులో ఉరి వేసే రోజుల్లో, 1785 ప్రాంతంలో, ఈ సిద్ధాంతానికి ఆద్యుడైన ఇంగ్లీషు తత్వవేత్త జెరెమీ బెంథామ్ కూర్చుని దానివల్ల ఎవరికి ఏం నష్టమని లెక్కవేసి, శిక్షించడానికి కారణమే కనిపించడం లేదని రాసిపెట్టాడు. భయపడి అచ్చు వేయలేదు. ఆ రాత బయటికొచ్చింది 1978లో. మన సుప్రీంకోర్టు ఆ మాటకు వచ్చింది 2018 సెప్టెంబరు 6న. అసహ్యం వేరు, హాని వేరు అని మనకు నేర్పింది ఈ దారే.

కానీ ఆ రోజు ఆమె కాగితం వైపు చూసి, "అంటే దొరక్కపోతే తప్పు కాదా అక్కా?" అంది. నా దగ్గర జవాబు లేదు. రాత్రి ఇంటికొచ్చి ఆ కాగితం మళ్లీ చూస్తే ఇంకో సంగతి కనిపించింది. రెండు వైపులా ఆమె ఉంది, భర్త ఉన్నాడు, పిల్లలున్నారు. అప్పిచ్చినవాడు ఎక్కడా లేడు. ఆమె అడిగిన ప్రశ్నలో అతను లేడు కాబట్టి నా లెక్కలోకీ రాలేదు.

రెండోసారి వచ్చినప్పుడు మొదలు ఎలా జరిగిందో అడిగాను. చెప్పింది. ఒక నెల డబ్బు సర్దుబాటు కాలేదు. అతను అరుగు మీద కూర్చుని, నోటుబుక్కు తెరిచి, వడ్డీ గడిలో ఒక అడ్డగీత గీశాడు. "ఈ నెలకి ఉండనీలే" అన్నాడు. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం మళ్లీ వచ్చాడు. అత్త నిద్రపోతోంది. ఆమె వద్దనలేదు.

వినగానే నాకు అంతా స్పష్టమైపోయినట్టు అనిపించింది. "అమ్మా, అది నీ ఇష్టం కాదు. అప్పు చూపించి చేసిన బలవంతం" అన్నాను. చట్టం కూడా చెప్పాను. భయంతో ఇచ్చిన అంగీకారం అంగీకారమే కాదని పాత ఐపీసీ 90వ సెక్షన్ అనేది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 28వ సెక్షన్ అంటుంది. ఆమె చేతులు ఒళ్లో కదులుతున్నాయి, బొటనవేలు చూపుడువేలి మీద, కనపడని పోగు చుడుతున్నట్టు. చూపుడువేలి పక్కన పట్టుపోగు కోసిన సన్నని గాట్లు. ఉన్నట్టుండి ఆగిపోయాయి.

"మొదట్లో సరే అన్నాను. తర్వాత ఇష్టమే అక్కా. జ్వరం వస్తే మాత్రలు తెచ్చాడు. ఆరేళ్లలో తిన్నావా అని నన్ను అడిగింది ఆ మనిషొక్కడే. అది కూడా అప్పు మీదకే తోసేస్తారా?"

లేచి వెళ్లిపోయింది. రెండు వారాలు రాలేదు. ఆ రెండు వారాలూ నాకు టెన్షనే.

నేను చేసిందేంటో ఆలస్యంగా అర్థమైంది. వీధి ఆమెను చెడిపోయినదంటుంది. నేను మోసపోయినదన్నాను. రెండింట్లోనూ ఆమె ఏమనుకుందో ఎవరికీ అక్కర్లేదు. ఇద్దరు పెద్దవాళ్లు ఒప్పుకుంటే చాలు, ఇంకెవరికీ సంబంధం లేదని చెప్పే సిద్ధాంతం, ఒప్పుకోలేదు కాబట్టి అంతా నేరమే అని చెప్పే సిద్ధాంతం, రెండూ అంగీకారాన్ని స్విచ్ అనుకుంటాయి. వేసి ఉంటుంది, లేదా ఆపి ఉంటుంది. ఆమె వాడిన మాటలు ఇంతకన్నా సూక్ష్మమైనవి. సరే అనడం వేరు, ఒప్పుకోవడం వేరు, ఇష్టపడటం వేరు. సరే అని మనం కరెంటు బిల్లు వాడితో కూడా అంటాం. ఒప్పుకోవడానికి ఎదుట ఒక బేరం ఉంటుంది. ఇష్టపడటానికి బేరం ఉండదు. ఆ నాలుగైదు నెలల్లో ఆమె సరే దగ్గర మొదలై ఇష్టం దాకా నడిచింది. నడిచిన దారి తనది. మొదలుపెట్టిన చోటు మాత్రం తను ఎంచుకున్నది కాదు.

మూడోసారి వచ్చినప్పుడు నేను ముందుగా క్షమించమని అడిగాను. ఆమె ఏమీ అనకుండా సంచిలోంచి ఆ నోటుబుక్కు తీసి టేబుల్ మీద పెట్టింది.

పొడుగాటి అట్ట నోటుబుక్కు. అంచులు నలిగి నూనె మరకలతో ఉంది. రాత అతనిది, ఒడియాలో. తేదీ, అసలు, వడ్డీ, సంతకం, నాలుగు గడులు. నెలనెలా 2,000, 2,000, 2,000. తర్వాత నాలుగు నెలలు వడ్డీ గడిలో అడ్డగీతలు. నీలం ఇంకు, స్కేలు పెట్టినంత తిన్నగా. ఆ కింద మళ్లీ 2,000. పేజీ చివర వేరే పెన్నుతో, ఎర్రగా: బాకీ 8,000.

"ఆపేద్దాం అన్నాక రాశాడు. 'నాలుగు నెలలు మాఫీ చేశాను కదా, ఊరికే చేశాననుకున్నావా?' అన్నాడు" అని చెప్పింది. కాసేపటికి, "నేను అప్పటిదాకా ఊరికే అనుకున్నాను అక్కా" అంది.

ఈ కేసు మొత్తం ఆ ఎర్ర అంకెలో ఉంది. ఆ గీతల్ని ఆమె దయ అని చదువుకుంది. ఎర్రగా రాసిన రోజున అవి ధర అయిపోయాయి. జరిగిపోయిన నెలలు కూడా వెనక్కి వెళ్లి మారిపోయాయి. అదే ఇద్దరు మనుషులు, అదే గది. అయినా జ్వరానికి మాత్రలు తెచ్చిన వారం, 8,000 రాసిన వారం ఒకటి కావు. లైంగిక నీతిని చేసిన పని ఏ రకం అన్నదాన్ని బట్టి తేల్చే సిద్ధాంతాలు ఇక్కడ నాకు పనికిరాలేదు. 13వ శతాబ్దంలో క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వైనస్ కామానికి సంబంధించిన పాపాల్ని తూకం వేసి, సంతానానికి దారితీయని సంభోగాన్ని బలాత్కారం కన్నా, వ్యభిచారం కన్నా పెద్ద పాపంగా పైన పెట్టాడు. ఆ తూకంలో అవతలి మనిషి వద్దందా అన్నది రెండో ప్రశ్న అయిపోతుంది. మన వీధి పెద్దల తూకం అంతకన్నా దూరమేమీ కాదు. పెళ్లైన ఆడది, పరాయి మగాడు, అంతటితో తీర్పు అయిపోయింది.

అనుకోకుండా సాయానికొచ్చింది అరిస్టాటిల్. మామూలుగా ఆయనది మధ్యేమార్గం అంటారు కానీ, పరాయివాళ్ల భార్యతో సంబంధానికి తగిన వేళ, తగిన పద్ధతి అంటూ ఏవీ ఉండవు, అది ఎప్పుడైనా తప్పే అన్నాడు. అక్కడ ఆయన వీధి పెద్దల పక్షమే. ఇంకోచోట మాత్రం ఒక తేడా చూపించాడు. కోరిక కోసం డబ్బు పోగొట్టుకుని ఆ పని చేసినవాడు లంపటుడు. అదే పని లాభానికి చేసి డబ్బు చేసుకున్నవాడు అన్యాయస్తుడు. రెండూ వేరే దుర్గుణాలు. మా అప్పులవాడు నాలుగు నెలలు వడ్డీ వదులుకున్నప్పుడు మొదటి మనిషి. ఎర్ర పెన్ను తీసిన రోజు రెండో మనిషి అయ్యాడు. ఈ మాట ఆమెకు తెలుగులో చెబితే చాలాసేపు ఆలోచించి, "అయితే నా తప్పు వేరే, ఆయన తప్పు వేరే" అంది. మొదటి రోజు నుంచి ఒకే తప్పు ఉందనుకున్న మనిషి నోటి నుంచి ఆ మాట వచ్చినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇక చెప్పడం సంగతి.

ముందు ఒక ముడి విప్పాల్సి వచ్చింది. ఆమె దృష్టిలో చెప్పడం అంటే ఒకటే, అంతా చెప్పేయడం. నా దృష్టిలో అందులో రెండు బాధ్యతలు కలిసిపోయాయి. ఒకటి ఆరోగ్యం. ఒడిశాలో హెచ్‌ఐవీ కేసులు ఎక్కువగా నమోదయ్యే జిల్లాల్లో గంజాం ముందు వరసలో ఉంది, వలసలు దానికి పెద్ద కారణం. ప్రభుత్వ ఆసుపత్రిలోని ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ సలహా, పరీక్షల కేంద్రంలో, పరీక్ష ఉచితం. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మన అనుమతి తీసుకునే చేయాలి, ఫలితం గుట్టుగా ఉంచాలి. ఆమె చేయించుకుంది, మూడు నెలలు దాటాక మరోసారి చేయించుకుంది, సిఫిలిస్ పరీక్షతో సహా. ఏమీ లేదు. ఏదైనా ఉండి ఉంటే భర్తకు చెప్పక తప్పేది కాదు, అందులో నాకు సందేహం లేదు. అక్కడ ఆయన ఒంటికి ప్రమాదం కాబట్టి ఆయనకు తెలుసుకునే హక్కు ఉంది. సూరత్ నుంచి వచ్చిన ఆయనను పరీక్షకి తీసుకెళ్లడం కూడా ఆ బాధ్యతే, ఎవరి మీదా నింద కాదు. యాత్రకి ముందు మేం అన్ని ఇళ్లకూ చెప్పే మాటే అది.

రెండోది మనసులోది. దీనికి జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ దగ్గరికి వెళ్లాను. ఆయన సూత్రం అందరికీ తెలిసిందే, మనిషిని కేవలం సాధనంగా వాడకూడదు. అప్పులవాడి విషయంలో అది ఎర్ర అంకె మీద వేలు పెట్టి చూపిస్తుంది. కానీ భర్తకు చెప్పే విషయంలో నాకు గుర్తొచ్చింది ఆయన సూత్రం కాదు, ఆయన రాసిన ఒక ఉత్తరం. 1791లో మరియా ఫాన్ హెర్బర్ట్ అనే ఆస్ట్రియా అమ్మాయి ఆయనకు రాసింది. పాత ప్రేమ సంగతి దాచి, తర్వాత తను ప్రేమించిన మనిషికి చెప్పేసింది. అతని మనసు విరిగిపోయింది. బతకడం ఎందుకని అడిగింది. 1792లో కాంట్ జవాబు రాస్తూ రెండింటిని విడదీశాడు. మనసులో ఉన్నదంతా బయటపెట్టకపోవడం ఒకటి, లేనిది చెప్పడం ఒకటి. మొదటిది మనుషులకు సహజమైన పరిమితి. రెండోది అబద్ధం, అది ఎప్పుడూ కూడదు. ఈ తేడా నాకు చాలా ఉపయోగపడింది. తర్వాత జరిగింది కూడా నేను మర్చిపోలేను. మరియా మళ్లీ రాసింది. ఆయన ఆ ఉత్తరాలను ఒక స్నేహితుడి కూతురికి, మనసు అదుపులో పెట్టుకోకపోతే ఇలా అవుతుందన్న హెచ్చరికగా పంపాడు. మరియా 1803లో ఆత్మహత్య చేసుకుంది. అంత పెద్ద మనిషి, ఒక ఆడపిల్ల ప్రాణం పోతున్నట్టు రాస్తే, పాఠం చేసి ఇంకొకరికి పంపాడు. కేసు రాసే ప్రతిసారీ నాకు ఇది భయంగానే ఉంటుంది. అందుకే నా దగ్గరికొచ్చిన ఈమెకు చదివి వినిపించకుండా ఒక్క వాక్యం కూడా బయటికి పంపలేదు.

ఆమెకు చెప్పిన మాట ఇది: "అన్నీ చెప్పాల్సిన అప్పు నీకు లేదు. అబద్ధం మాత్రం ఆడకు. ఆయన అడిగితే ఏం చెప్తావో నువ్వే తేల్చుకో, ఆ రోజు నీ దగ్గర నేను లేకపోయినా నిలబడగలిగేది అయ్యుండాలి." ఇది నా అభిప్రాయం. మా సహోద్యోగి ఒకావిడ ఒప్పుకోలేదు. భర్త నమ్మకం మీద కాపురం నిలబడి ఉంది కాబట్టి ఆయన అడక్కముందే చెప్పాలంది. ఆ వాదనలో బలం ఉంది. కానీ కొట్టడానికి, గెంటేయడానికి భయపడక్కర్లేని ఇల్లు ఉన్నప్పుడు చెప్పే నిజానికి, ఆ భయం ఉన్న ఇంట్లో చెప్పే నిజానికి ఖరీదు ఒకటి కాదు. అమెరికా మనస్తత్వవేత్త కరోల్ గిల్లిగన్ 1982లో, గర్భం ఉంచుకోవాలా వద్దా అన్న నిర్ణయం ముందు నిలబడ్డ ఆడవాళ్ల మాటలు విని, వాళ్లు సూత్రాన్ని కాక ఎవరు ఎవరి మీద ఆధారపడి ఉన్నారో చూస్తున్నారని రాసింది. నేనూ ఇక్కడ అదే చూశాను, పిల్లలు, ముసలి అత్త, ఆ ఇంట్లో ఆమె చేతుల మీద నడిచేవన్నీ.

చట్టం గురించి ఆమెకు ఒక పెద్ద భయం ఉండేది, తనను జైల్లో పెడతారని. పరాయివాళ్ల భార్యతో సంబంధాన్ని నేరం చేసిన పాత ఐపీసీ 497 సెక్షన్ కింద కూడా శిక్ష మగవాడికే, భార్యకు కాదు. భార్యను భర్త ఆస్తిలా చూసిన సెక్షన్ అది. 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు కొట్టేసింది. విడాకులకు కారణం మాత్రం కావచ్చు. అది కూడా దాచకుండా చెప్పాను.

అప్పు విషయంలో పని త్వరగా జరిగింది. రిజిస్ట్రేషన్ లేకుండా వడ్డీ వ్యాపారం చేయకూడదని ఒడిశా మనీ లెండర్స్ చట్టం 1939 నుంచే ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. వకీలు ఒక నోటీసు పంపితే 8,000 పోయింది, ఇక మీద వడ్డీ లేకుండా అసలు 40,000 నెలకి 2,000 చొప్పున 20 వాయిదాలకు రాయించారు. పోలీసు కేసు మాత్రం ఆమె వద్దంది. ఒప్పుకున్నాను. ఆ విషయంలో నాకు నిద్ర పట్టని రాత్రులున్నాయి. అతను ఇంకా అదే వీధుల్లో ఆడవాళ్లకే అప్పిస్తున్నాడు. నేను తప్పుగా మొదలుపెట్టిన బెంథామ్ లెక్క నిజానికి ఇక్కడ అవసరం, ఇంకా ఎన్ని నోటుబుక్కుల్లో అడ్డగీతలున్నాయన్నది. ఆమె పేరు లేకుండా ఆ వీధి పొదుపు సంఘాల్లో వడ్డీ చట్టం గురించి రెండు మీటింగులు పెట్టాం. ఇప్పుడు అప్పున్న ఎవరు మా దగ్గరికి వచ్చినా, ఏ సమస్యతో వచ్చినా, లెక్కల పుస్తకం ఉంటే తెమ్మంటున్నాను.

యాత్రకి భర్త వచ్చాడు. నాలుగో రోజు ఆమె అప్పు సంగతి చెప్పి నోటుబుక్కు ఇచ్చింది. అతను వేలితో గడి గడి చూసుకుంటూ వచ్చి గీతల దగ్గర ఆగాడట.

"ఈ నాలుగు నెలలు ఎందుకు తీసుకోలేదు?"

"మీరు అడిగితే చెప్తాను. అబద్ధం చెప్పను."

చాలాసేపు పేజీ వైపే చూసి, మూసేసి, "యాత్ర అవనీ" అన్నాడు. ఇద్దరూ కలిసి పరీక్షకి వచ్చారు, నేనే చూశాను. బయట బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నారు, మధ్యలో ఆమె సంచి. ఇరవై రోజులుండి సూరత్ వెళ్లిపోయాడు. మళ్లీ అడగలేదు.

అతను వెళ్లిన రెండు రోజులకు ఆమె పెట్టె వెతికితే నోటుబుక్కు లేదు. తనతో తీసుకెళ్లాడు. ఫోన్‌లో దాని ఊసెత్తడు. వాయిదా 2,000 మాత్రం ప్రతి నెలా ఒకటో తేదీన అతనే పంపుతున్నాడు, కట్టాక రసీదు ఫొటో తీసి పెట్టమంటాడట.